ఒక పచ్చని ఎకరానికి ఎన్ని ఎకరాల వాన?

జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ పల్లెల నుంచి గల్ఫ్‌కు పోయినవాళ్లలో దుబాయి, అబుధాబి రోడ్ల పక్కన చెట్లకు నీళ్లు పెట్టే పని చేసినవాళ్లు ఎందరో ఉన్నారు. ఏడాది మొత్తానికి 100 మిల్లీమీటర్ల వాన పడటమే గగనమైన ఆ నేల మీద పచ్చిక, ఖర్జూర వనాలు, కిలోమీటర్ల పొడవునా చెట్ల వరుసలు కనిపిస్తాయి. ఇక్కడ జనగామ, హనుమకొండ, వరంగల్ ప్రాంతాల్లో 850 నుంచి 1,000 మిల్లీమీటర్ల దాకా వాన పడుతుంది. అయినా వానలు సరిగా లేని ఏడాది యాసంగి సగంలోనే బోర్లు వట్టిపోతాయి. దీనికి తోడు చైనా ఎడారిని అడవి చేసిందని, సౌదీ కొండలు పచ్చబడ్డాయని చెప్పే వీడియోలు ఫోన్లలో తిరుగుతున్నాయి. ఇసుకలోనే చెట్లు మొలుస్తుంటే చెల్క నేలల్లో నీళ్లు ఎందుకు నిలవవన్న ప్రశ్న సహజంగానే వస్తుంది.

క్లుప్తంగా

ఎడారిలో పచ్చదనం తేవడం సాధ్యమే. దాన్ని సాధించిన దారులు వేర్వేరు: సముద్రపు నీటిని శుద్ధి చేయడం, భూగర్భంలోని పురాతన జలాన్ని తోడడం, నదిని మళ్లించడం, పడిన కొద్దిపాటి వానను ఒకచోటికి చేర్చడం, కదిలే ఇసుకను ఆపడం. వీటిని పోల్చడానికి పనికొచ్చే కొలత ఒకటుంది. ఒక ఎకరం పచ్చగా ఉండటానికి ఎన్ని ఎకరాల వాన, లేదా ఎంత కరెంటు ఖర్చవుతోందో చూడాలి. ఆ కొలతతో చూస్తే దుబాయి పచ్చదనమూ జనగామ ఎండిన బోరూ రెండూ అర్థమవుతాయి.

ఎడారి ఎందుకు ఎడారి అయింది

భూమధ్యరేఖ దగ్గర వేడెక్కి పైకి లేచిన గాలి తన తేమనంతా అక్కడే వానగా విడిచిపెడుతుంది. పొడిబారిన ఆ గాలి ఉత్తర, దక్షిణ దిక్కుల్లో 20–30 డిగ్రీల అక్షాంశాల దగ్గర కిందికి దిగుతుంది. దిగే గాలి మరింత వేడెక్కుతుంది కాబట్టి మబ్బు కట్టదు. సహారా, అరేబియా ఎడారులు ఈ పట్టీలోనే ఉన్నాయి. చిలీలోని అటకామాకు, నమీబియా తీరపు ఎడారికి చల్లటి సముద్ర ప్రవాహాలు కూడా కారణం. చైనాలోని తక్లమకాన్ సముద్రానికి బాగా దూరంగా, ఎత్తయిన కొండల నడుమ చిక్కుకుంది. మన థార్ రుతుపవనాలకు చివరి అంచున ఉంది. బంగాళాఖాతం మీదుగా వచ్చే గాలి అక్కడికి చేరేసరికి తేమ తగ్గిపోతుంది. అరేబియా సముద్రం నుంచి వచ్చేది ఆరావళి కొండలకు సమాంతరంగా సాగిపోతుంది.

అంటే ఎడారి పుట్టుకకు మూలం చెట్లు లేకపోవడం కాదు, గాలి నడక. చెట్లు నాటితే చాలు, వానలు వాటంతటవే వస్తాయన్న నమ్మకం ఇక్కడే దెబ్బతింటుంది. అమెజాన్ లాంటి చోట అడవి విడిచిన తేమ మళ్లీ వానగా పడుతుంది. గాలి కిందికి దిగే పట్టీలో ఆ తేమ మబ్బుగా మారే వీలు చాలా తక్కువ. సుమారు 11 వేల ఏళ్ల కిందటి నుంచి 5 వేల ఏళ్ల కిందటి వరకు సహారాలో సరస్సులు, గడ్డి మైదానాలు ఉండేవి. భూమి అక్షం దిశ నెమ్మదిగా మారడంతో ఆ కాలంలో ఆఫ్రికా రుతుపవనాలు బలపడ్డాయి. దాన్ని మనుషులెవరూ నాటలేదు, ఎండబెట్టనూ లేదు.

శాస్త్రజ్ఞులు వానను మాత్రమే చూడరు. పడిన వానను, అక్కడి ఎండకూ గాలికీ ఆవిరి కాగల నీటి పరిమాణంతో భాగిస్తారు. ఆ అంకె 0.05 లోపు ఉంటే అతి పొడి ఎడారి, 0.2 లోపు అయితే పొడి నేల, 0.2 నుంచి 0.5 దాకా పాక్షికంగా పొడి నేల, 0.65 దాకా అయితే పొడివైపు మొగ్గిన తేమ నేల. వరంగల్ చుట్టుపక్కల ఇది 0.5కు అటూ ఇటూ ఉంటుంది. 1994లో కుదిరిన ఐక్యరాజ్యసమితి ఒప్పందం ప్రకారం అతి పొడి ఎడారిని మినహాయించి మిగతా మూడు రకాల భూముల్లో నేల సారం కోల్పోవడాన్నే ఎడారీకరణ అంటారు. ఇసుక దిబ్బలు ముందుకు జరగడం అందులో ఒక చిన్న భాగం మాత్రమే. ఇస్రో అట్లాసు లెక్కల్లో 2018–19 నాటికి దేశ భూభాగంలో 29.77 శాతం ఇలా క్షీణించింది. కాబట్టి ఎడారుల్లో జరుగుతున్న ప్రయోగాలు తెలంగాణకు దూరపు సంగతులు కావు.

సముద్రం నుంచి, పాతాళం నుంచి: గల్ఫ్ దారి

ఎకరం మీద ఒక మిల్లీమీటరు వాన పడితే 4 వేల లీటర్ల పైచిలుకు నీళ్లు. దుబాయిలో ఏడాదికి ఎకరం మీద పడేది మహా అయితే 4 లక్షల లీటర్లు. వరంగల్‌లో 36 లక్షల లీటర్లు. అంటే గల్ఫ్ పచ్చదనం వాన మీద నిలబడింది కాదు. తాగునీటిలో అత్యధిక భాగం సముద్రపు నీటిని శుద్ధి చేయగా వచ్చిందే. ఇళ్లలో వాడిన ఆ నీటిని మురుగు శుద్ధి కేంద్రాలకు పంపి, మళ్లీ గొట్టాల ద్వారా రోడ్ల పక్క చెట్లకు డ్రిప్‌తో చుక్క చుక్కగా అందిస్తారు. ఒకే నీటిని రెండుసార్లు వాడుకోవడంలోనే ఆ ఏర్పాటు తెలివి ఉంది. ఇజ్రాయెల్ ఇదే పద్ధతిలో తన మురుగు నీటిలో దాదాపు 90 శాతాన్ని శుద్ధి చేసి పొలాలకు పంపుతోంది. హైదరాబాద్, వరంగల్ లాంటి నగరాలకు గల్ఫ్ నుంచి నేర్చుకోదగిన మొదటి పాఠం ఇదే కావచ్చు.

అయితే ఖర్చు చూడాలి. సముద్రపు నీటిని పొరల గుండా వత్తిడితో నెట్టి ఉప్పు వేరుచేయడానికి ఘనపు మీటరుకు (వెయ్యి లీటర్లకు) 3 నుంచి 4 యూనిట్ల కరెంటు పడుతుంది. యాసంగి వరికి సుమారు 1,200 మిల్లీమీటర్ల నీళ్లు కావాలి, అంటే ఎకరానికి 48 లక్షల లీటర్లు. ఆ నీటిని సముద్రం నుంచి శుద్ధి చేసి ఇవ్వాలంటే ఒక్క ఎకరానికి 17 వేల యూనిట్లు కావాలి. చెట్ల వరుసకూ పాలీహౌస్‌ల్లోని కూరగాయలకూ సరిపడే ఈ పద్ధతి ధాన్యానికి ఎక్కడా గిట్టుబాటు కాలేదు. శుద్ధి తరువాత మిగిలే చిక్కటి ఉప్పునీటిని తిరిగి సముద్రంలోకే వదలడం వల్ల తీరంలోని జీవజాలానికి కలిగే చేటు వేరే.

సౌదీ అరేబియా ధాన్యానికి మరో దారి పట్టింది. ఎడారి అడుగున వేల ఏళ్ల కిందట తడి కాలాల్లో ఇంకిన నీటిని తోడి, గుండ్రంగా తిరిగే పైపులతో గోధుమ పండించింది. విమానంలోంచి కనిపించే ఆ పచ్చటి వలయాలు 1980ల్లో ప్రపంచాన్ని ఆశ్చర్యపరిచాయి. దేశం గోధుమ ఎగుమతి చేసే స్థితికి చేరింది. ఆ నీరు మళ్లీ నిండేది కాదు. 2008లో ప్రభుత్వం గోధుమ సాగును దశలవారీగా తగ్గించాలని నిర్ణయించి, 2016 నాటికి దేశీయ గోధుమ కొనుగోలును ఆపేసింది. ఈ అనుభవం బోరు మీద బతికే ప్రతి ప్రాంతానికీ పనికొస్తుంది. మక్కా చుట్టూ కొండలు 2023 జనవరిలో పచ్చబడటం మాత్రం వేరే విషయం. భారీ వానలకు మట్టిలో నిద్రపోతున్న గడ్డి గింజలు మొలిచాయి.

నదిని తెచ్చినప్పుడు

థార్‌లో పని 1958లో మొదలైంది. పంజాబ్‌లో సట్లెజ్, బియాస్ కలిసే హరికే బరాజ్ నుంచి సుమారు 650 కిలోమీటర్ల కాలువ తవ్వారు. 1961లో తొలి నీళ్లు వదిలారు, 1987లో అవి జైసల్మేర్ వైపు కాలువ చివరిదాకా చేరాయి. ఇప్పుడు దాన్ని ఇందిరాగాంధీ కాలువ అంటున్నారు. ఇసుక దిబ్బల మీద గోధుమ, పత్తి, ఆవాలు పండుతున్నాయి, వలస తగ్గింది. ఆ మేలు చిన్నది కాదు.

కానీ హనుమాన్‌గఢ్ ప్రాంతంలో భూమి కింద జిప్సం లాంటి గట్టి పొర ఉంది. పారించిన నీరు దాన్ని దాటి ఇంకలేక పైకి ఊరి, వేల ఎకరాలు జౌకు పట్టాయి. ఎండకు నీరు ఆవిరైన చోట ఉప్పు తేలింది. దోమలకు తావు దొరికి 1994లో థార్‌లో మలేరియా విజృంభించింది. నీరు రావడానికి ముందే పొలాల్లో మిగిలిన నీటిని బయటికి పంపే మురుగు కాలువల ఏర్పాటు ఉండాల్సింది. శ్రీరాంసాగర్ నుంచి 284 కిలోమీటర్ల కాకతీయ కాలువ కింద కూడా పై ఆయకట్టులో జౌకు, చివరి భూములకు అందని నీరు అనే రెండు ఫిర్యాదులూ దశాబ్దాలుగా పక్కపక్కనే ఉన్నాయి.

ఎత్తిపోతల లెక్క కొంచెం వేరు. వెయ్యి లీటర్లను 100 మీటర్లు ఎత్తడానికి భౌతికశాస్త్రం ప్రకారం 0.27 యూనిట్లు చాలు. పంపుల నష్టాలు కలిపితే 0.35 దాకా అవుతుంది. కాళేశ్వరంలో మేడిగడ్డ దగ్గర సుమారు 100 మీటర్ల మట్టం నుంచి కొండపోచమ్మ సాగర్ 618 మీటర్ల మట్టం దాకా నీరు పోవాలంటే వెయ్యి లీటర్లకు దాదాపు 1.8 యూనిట్లు, అంటే సముద్రపు నీటి శుద్ధికయ్యే దానిలో సగం కరెంటు కావాలి. 2023 అక్టోబరులో మేడిగడ్డ పియర్లు కుంగిన తరువాత చర్చంతా కట్టడం నాణ్యత చుట్టూ తిరిగింది. ఆ ప్రశ్న తేలాల్సిందే. అది తేలినా ఎత్తు మారదు కాబట్టి, చివరి ఎకరంలో ఏ పంట వేస్తున్నామన్నది అంతే ముఖ్యమైన ప్రశ్నగా మిగులుతుంది.

వానను పోగుచేసే పద్ధతులు

ఈ పద్ధతులకు ప్రచారం తక్కువ, ఫలితం ఎక్కువ. దక్షిణ ఇజ్రాయెల్‌లోని నెగెవ్‌లో అవ్దాత్ అనే చోట ఏడాదికి 100 మిల్లీమీటర్ల లోపే వాన. రెండు వేల ఏళ్ల కిందట అక్కడ నబతీయులనే ప్రాచీన ఎడారి ప్రజలు ద్రాక్ష, అంజూర, గోధుమ పండించారు. అక్కడి మట్టి తొలి తడికే పైన చెక్కు కట్టి నీటిని లోపలికి పోనివ్వదు. వాన పడితే వాలు మీది నీరు జారి కిందికి వస్తుంది. దాన్ని చిన్న రాతి గట్లతో పల్లంలోని పొలానికి మళ్లించారు. 1950ల్లో వృక్షశాస్త్రజ్ఞుడు మైకేల్ ఎవెనారి బృందం ఆ పొలాలను తిరిగి బాగుచేసి సాగు చేసింది. ఒక ఎకరం పొలానికి 20 నుంచి 30 ఎకరాల వాలు అవసరమని తేలింది. లెక్క వేసి చూడవచ్చు. 100 మిల్లీమీటర్ల వానలో 15 శాతమే జారి వచ్చినా 20 ఎకరాల నుంచి 300 మిల్లీమీటర్లకు సమానమైన నీరు చేరుతుంది. పొలం మీద నేరుగా పడినదానితో కలిపి 400. దానితో ఒక మెట్ట పంట గట్టెక్కుతుంది.

జైసల్మేర్‌లోని ఖడీన్లు ఇదే సూత్రం మీద పనిచేస్తాయి. రాతి నేల నుంచి వచ్చే వరదను మట్టికట్టతో ఆపి, నీరు ఇంకిన తరువాత ఆ తడి మీదే శనగ, గోధుమ వేస్తారు. కాకతీయుల గొలుసుకట్టు చెరువులు చూసినా సూత్రం అదే: పై చెరువు మత్తడి దూకితే కింది చెరువు నిండుతుంది, ప్రతి చెరువుకూ తన పరీవాహకం ఉంటుంది. రామప్ప, పాకాల, లక్నవరం లాంటి పెద్ద చెరువుల కింద ఎంత ఆయకట్టు సాగవుతుందో తేల్చేది తూము ఒక్కటే కాదు. వెనక ఉన్న అడవి, వాగులు కూడా.

ఆఫ్రికాలో సహారాకు దక్షిణపు అంచున ఉన్న సాహెల్ ప్రాంతపు అనుభవం ఇంకా ఆసక్తికరం. 1980ల కరువు తరువాత బుర్కినా ఫాసోలో యకూబా సవడోగో అనే రైతు పాత పద్ధతి ఒకదాన్ని మెరుగుపరిచాడు. గట్టిపడి నీరు ఇంకని నేలలో ఎండాకాలంలోనే జానెడు లోతు గుంతలు తవ్వి, పెంట వేశాడు. ఆ పెంటకు చెదలు వచ్చి నేలను తొలిచాయి. తొలి వాన ఆ సందుల్లోంచి నేరుగా వేర్ల దగ్గరికి దిగింది. జొన్న, సజ్జతో పాటు పెంటలో ఉన్న గింజల నుంచి చెట్లూ మొలిచాయి. 2023లో ఆయన మరణించే నాటికి ఆ ప్రాంతంలో బీడు భూమి అడవిగా మారింది. నైజర్‌లో మరో మార్పు జరిగింది. కొత్త మొక్కలు నాటడం కంటే, పొలాల్లో నరికిన మొద్దుల నుంచి వచ్చే చిగుళ్లలో బలమైనవాటిని కాపాడుకోవడం మేలని రైతులు గ్రహించారు. దాదాపు 50 లక్షల హెక్టార్లలో చెట్లు తిరిగి వచ్చాయి. దీని వెనుక చట్టం మాట కూడా ఉంది. అంతకుముందు చెట్టు ప్రభుత్వానిదన్న భావనతో రైతు దాన్ని పెరగనిచ్చేవాడు కాదు. చెట్టు మీద హక్కు తనదేనని నమ్మకం కుదిరాకే కాపాడాడు.

2007లో ఆఫ్రికా యూనియన్ ప్రారంభించిన మహా హరిత కుడ్యం మొదట 8 వేల కిలోమీటర్ల చెట్ల వరుసగా ఊహించిన పథకం. నాటిన మొక్కలు చాలాచోట్ల బతకలేదు. ఇప్పుడు అది వరుస ఆలోచనను వదిలి, నైజర్ తరహాలో పొలాలనూ మేత భూములనూ బాగుచేసే పనుల సముదాయంగా మారింది. పటాన్‌చెరులోని మెట్ట పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్‌కు నైజర్ రాజధాని నియామే దగ్గర కేంద్రం ఉంది. ఆ అనుభవాలు తెలంగాణకు చేరడానికి దారి లేకపోలేదు.

ఇసుకను ఆపడం

చైనా వీడియోల్లో కనిపించే గడ్డి గళ్ల వెనుక అసలు కారణం రైలు. 1958లో మొదలైన బావోటౌ–లాంఝౌ రైలు మార్గం షపోటౌ దగ్గర దిబ్బల మధ్య నుంచి పోతుంది. పట్టాలు పూడిపోకుండా మీటరు చదరపు గళ్లుగా గోధుమ గడ్డిని ఇసుకలో గుచ్చారు. గాలి వేగం నేల దగ్గర తగ్గి ఇసుక కదలదు. కొన్నేళ్లకు సూక్ష్మజీవులతో పైన సన్నటి పొర కడుతుంది. తరువాత పొదలు నిలుస్తాయి. తక్లమకాన్ చుట్టూ 3 వేల కిలోమీటర్లకు పైగా సాగిన పచ్చటి పట్టీ 2024 నవంబరులో పూర్తయింది. అది ఎడారిని చుట్టుముట్టింది, ఎడారిని తుడిచేయలేదు. లోపలి దిబ్బలు అలాగే ఉన్నాయి.

మేఘమథనం గురించి ఎక్కువ చెప్పాల్సిన పని లేదు. ఉన్న మబ్బు నుంచి కొంత అదనంగా వాన రాబట్టగలదే గానీ మబ్బును పుట్టించలేదు. 2000ల్లో ఉమ్మడి రాష్ట్రంలోనూ దీన్ని చేశారు. కరువు ఏడాది ఆకాశంలో పనికొచ్చే మబ్బే ఉండదు కాబట్టి అవసరమైనప్పుడే అది అక్కరకు రాదు.

చెట్టు కూడా నీళ్లు తాగుతుంది

చైనా ఉత్తర పీఠభూమిలో అడవుల పెంపకం పెరిగాక నదుల్లోకి చేరే నీరు తగ్గిందని, అక్కడి నీటి వనరులు తమ హద్దుకు దగ్గరవుతున్నాయని 2016లో వెలువడిన పరిశోధన చెప్పింది. షపోటౌలో కూడా మొదట దట్టంగా పెరిగిన పొదలు మట్టిలోని తడిని పీల్చేసి తరువాత పలచబడ్డాయి. ఇజ్రాయెల్‌లో 280 మిల్లీమీటర్ల వాన మీద పెరిగిన యతీర్ పైన్ అడవిలో ఇంకో విషయం బయటపడింది. లేత రంగు ఇసుక ఎండను తిప్పికొడుతుంది, ముదురు ఆకు పీల్చుకుంటుంది. చెట్లు పీల్చిన కార్బన్ వల్ల కలిగే చల్లదనం ఈ అదనపు వేడిని మించడానికి దశాబ్దాలు పడుతుందని 2010లో లెక్క తేలింది.

ఏ చెట్టు నాటామన్నది ఇంకా పెద్ద విషయం. ఎడారిని ఆపుతుందని తెచ్చిన సర్కారు తుమ్మ గుజరాత్‌లోని కచ్‌లో బన్నీ గడ్డి మైదానాన్ని ఆక్రమించింది, తెలంగాణ చెరువు శిఖాల్లోనూ అల్లుకుంది. గల్ఫ్ రోడ్ల పక్కన పెంచిన కోనోకార్పస్ హరితహారం కాలంలో ఇక్కడి డివైడర్ల మీదికి వచ్చింది. పుప్పొడి, వేర్ల సమస్యలపై ఆందోళనలు రావడంతో ఆ నాటడం ఆగింది. గుజరాత్ 2023లో దాన్ని నిషేధించింది.

దీనికి ఎదురుగా నిలిచేది జమ్మి. తెలంగాణకూ రాజస్థాన్‌కూ అది రాష్ట్ర వృక్షం, యూఏఈకి జాతీయ వృక్షం. దసరా నాడు బంగారమని పంచుకునే ఆ ఆకు చెట్టు వేళ్లు పైరు వేళ్ల కంటే ఎన్నో రెట్లు లోతుకు దిగుతాయి కాబట్టి రాజస్థాన్ రైతులు సజ్జ చేనులోనే దాన్ని ఉంచుతారు. నేలకు నత్రజని, పశువులకు ఆకు, కరువులో కాయ. ఇంత తెలిసి కూడా పొలం గట్లకు సరిపోయే ఆ చెట్టును గుళ్ల దగ్గరికే పరిమితం చేయడం నష్టమే.

వరంగల్ లెక్క

ఉత్తర తెలంగాణలో చాలా భాగం గ్రానైటు రాయి మీది నేల. నీరు నిలిచేది రాయి పైన ఉన్న పొరుసు మట్టిలో, రాయి పగుళ్లలో. ఆ పొరలో వంద భాగాలకు ఒకటి నుంచి మూడు భాగాల నీరే తోడుకోవడానికి దొరుకుతుంది. అందుకే ఇది చిన్న కుండ: మంచి వానకు నీటిమట్టం మీటర్లకు మీటర్లు పైకి వస్తుంది, నాలుగు నెలల పంపింగుకు అంతే వేగంగా పడిపోతుంది. బోరును ఇంకా లోతుకు దించితే పగుళ్లు తగ్గుతాయి తప్ప నీరు పెరగదు.

వానలో భూమిలోకి ఇంకేది పదో వంతుకు అటూ ఇటూ. 900 మిల్లీమీటర్లలో 90 అనుకుందాం. యాసంగి వరికి పారించే 1,200లో మూడో వంతు తిరిగి ఇంకుతుందనుకున్నా నికరంగా 800 ఖర్చు. అంటే బోరు కింది ఒక ఎకరం వరి తొమ్మిది ఎకరాల్లో ఇంకిన నీటిని తీసుకుంటుంది. అవ్దాత్ రైతు 20 ఎకరాల వాలుకు ఒక ఎకరమే సాగు చేశాడు, ఆ హద్దు దాటలేదు. ఇక్కడ ఒక ఊళ్లో తొమ్మిది ఎకరాలకు ఒక ఎకరం దాటి యాసంగి వరి బోర్ల కింద వేస్తే, చెరువు గానీ కాలువ గానీ తోడు లేనిచోట, బోర్లు వట్టిపోవడం కేవలం సమయం మీద ఆధారపడిన సంగతి.

లెక్కలో రెండు వైపులా పని ఉంది. ఇంకే వైపు చూస్తే గుట్టల వాలున కందకాలు, వాగుల మీద చెక్ డ్యాములు, ఊట చెరువులు, పంట కుంటలు సాహెల్ గుంతలు చేసే పనే చేస్తాయి. 2015లో మొదలైన మిషన్ కాకతీయ కింద తీసిన పూడిక మట్టి చెల్క, దుబ్బ నేలలకు బంకను చేర్చి తడిని ఎక్కువ రోజులు నిలిపింది. ఎడారి ఇసుకకు బంకమట్టి కలిపే కొత్త ప్రయోగాల ఉద్దేశం కూడా ఇదే. అయితే నల్లరేగడికి ఆ మట్టి అవసరం లేదు. ఇటుక బట్టీల కోసం శిఖాన్ని ఇష్టమొచ్చినట్టు తవ్వితే తూము మట్టం కంటే కింద గుంతలు పడి, ఆ నీరు ఆయకట్టుకు ఎక్కదు.

వాడే వైపు మార్పు కష్టం. మక్క లాంటి ఆరుతడి పంటకు వరిలో సగం నీరు చాలు, అవే బోర్ల కింద రెట్టింపు విస్తీర్ణం సాగవుతుంది. రైతుకు ఇది తెలియక కాదు. వరికి మద్దతు ధర, ఊళ్లోనే కొనుగోలు కేంద్రం ఉన్నాయి. మక్కకు ఆ భరోసా ప్రతి ఏడాదీ లేదు, పల్లి, మక్క వేస్తే కోతుల బెడద ఉంది. 2018 జనవరి నుంచి సాగుకు 24 గంటల ఉచిత కరెంటు అందడంతో తోడే నీటికి ధర కూడా కనిపించదు. కొనుగోలు హామీని యాసంగి నార్లు పోసే ముందే, నవంబరులో భూగర్భ జలశాఖ నీటిమట్టాలు చేతికి రాగానే ప్రకటించగలిగితే ఊరి స్థాయిలో ఎన్ని ఎకరాల వరి నిలుస్తుందో అప్పుడే నిర్ణయించుకోవచ్చు. మార్చిలో పొట్టకొచ్చిన పైరు ఎండుతుంటే చేసే ఏ ప్రకటనా ఆ పంటను కాపాడలేదు.